కమతంలో ఇంటి మరమ్మతు, చెట్ల పెంపకం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని పల్లెలలో రైతు కమతంపై ఏటా జరిగే ఇంటి మరమ్మతు, చెట్ల పెంపకం వర్షాకాలపు రాకతో ముడిపడిన పనులు. వేసవి చివర ఇంటి కప్పు సరిచేయడం, మొక్కలకు గుంతలు తవ్వడం పూర్తిచేసి, తొలకరి వానలకు నేల తడిసిన పిదప మొక్కలు నాటుతారు. ఈ రెండు పనులకూ గడువు ఒక్కటే. మంచి వాన పడిన మరునాటి నుండి ఎద్దులు, మనుషులు దుక్కికి, విత్తనానికి వెళ్ళవలసి ఉంటుంది. అప్పటికి కప్పు సిద్ధం కాని ఇల్లు ఆ వానాకాలమంతా కారుతూనే ఉంటుంది. అప్పటికి గుంత తవ్వని చోట ఆ ఏడు మొక్క పడదు.

ఈ పనులకు మరొక సంబంధం కూడా ఉన్నది. పూర్వం ఇంటికి కావలసిన దూలాలు, వాసాలు, ఆకు, నార, వెదురు చాలవరకు ఆ కమతంలోని చెట్ల నుండే వచ్చేవి. తాత నాటిన తాడి మనుమని ఇంటికి దూలమయ్యేది. ఇంటిని బాగుచేసినప్పుడల్లా గట్టు మీద చెట్లు కొన్ని తరిగేవి, తొలకరిలో నాటిన మొక్కలు ఆ తరుగును పూడ్చేవి. కాంక్రీటు ఇళ్ళు వచ్చిన తరువాత ఈ సంబంధం సడలిపోయింది.

కార్తెలు, గడువులు

తెలుగు రైతులు వ్యవసాయపు పనులకు కార్తెలను అనుసరిస్తారు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే కాలాన్ని ఆ నక్షత్రం పేరుతో కార్తె అంటారు. 27 నక్షత్రాలకు 27 కార్తెలు. ఒక్కొక్కటి 13 లేదా 14 రోజులు ఉంటుంది. ఇవి సూర్యగమనాన్ని బట్టి ఏర్పడినవి కనుక ఇంగ్లీషు తేదీలతో పోల్చినప్పుడు ఒకటి రెండు రోజులకు మించి మారవు. ఇంటి మరమ్మతుకు, మొక్కల నాటుకు సంబంధించిన ముఖ్యమైన కార్తెలు ఇవి:

* కృత్తిక (మే రెండవ, మూడవ వారాలు): గుంతల తవ్వకం, కప్పు మరమ్మతు మొదలుపెట్టడం.
* రోహిణి (మే చివరి వారం, జూన్ మొదటి వారం): ఎండ తీవ్రంగా ఉండే కాలం. "రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయి" అని సామెత. కప్పు పని ముగించవలసిన గడువు ఇది.
* మృగశిర (జూన్ 7 లేదా 8 నుండి): తొలకరి వానల రాక. "మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుంది" అంటారు.
* ఆరుద్ర, పునర్వసు (జూన్ చివరి వారం నుండి జూలై మూడవ వారం వరకు): మొక్కలు నాటడానికి అనువైన కాలం.

నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ 1 నాటికి కేరళను తాకి, జూన్ మొదటి పక్షంలో తెలుగు ప్రాంతాలకు విస్తరిస్తాయి. నెల్లూరు ప్రాంతంలో మాత్రం అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వలన కురిసే వాన ఎక్కువ. అందుచేత అక్కడ నీటి వసతి లేని భూములలో మొక్కలను అక్టోబరులో నాటడం మేలు. అనంతపురం ప్రాంతంలో సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది కనుక నాటే అదను తప్పితే మొక్క దక్కడం కష్టం.

వేసవిలో గుంతల తయారీ

నేల గట్టిగా ఉన్నా గుంతలను వేసవిలోనే తవ్వుతారు. తవ్విన గుంతను రెండు మూడు వారాలు ఎండకు వదిలితే మట్టిలోని పురుగులు, వాటి గుడ్లు, కలుపు వేర్లు చాలవరకు నశిస్తాయి. మామిడి, కొబ్బరి వంటి పెద్ద చెట్లకు మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గల గుంత అవసరం. మామిడిని సాంప్రదాయికంగా 10 మీటర్ల ఎడంలో నాటుతారు. ఈ లెక్కన ఎకరానికి 40 మొక్కలు పడతాయి. కొబ్బరిని 8 మీటర్ల ఎడంలో నాటితే ఎకరానికి 60 మొక్కలకు పైగా పడతాయి.

తవ్వేటప్పుడు పైమట్టిని ఒకవైపు, అడుగుమట్టిని మరొకవైపు పోస్తారు. పూడ్చేటప్పుడు సారవంతమైన పైమట్టిని బాగా చివికిన పశువుల ఎరువుతో కలిపి ముందుగా వేర్లు చేరే లోతుకు వేస్తారు. మామిడి గుంతకు సుమారు 2 కిలోల సూపర్ ఫాస్ఫేటును కూడా కలుపుతారు. చెదల బెడద ఉన్న ఎర్రనేలలలో వేపపిండి వేయడం మంచిది. చివకని పచ్చిపేడ వేస్తే చెదలు మరింత చేరుతాయి. పూడ్చిన మట్టి వానకు కుంగుతుంది కనుక నేలమట్టం కంటే కొంత ఎత్తుగా నింపి, ఒకటి రెండు వానలకు కుదురుకున్న తరువాత మొక్క నాటుతారు.

కప్పు మరమ్మతు

ఇంటి కప్పును బట్టి మరమ్మతు విధానం మారుతుంది. తెలుగు పల్లెలలో ప్రధానంగా మూడు రకాల పాత కప్పులు కనిపిస్తాయి.

తాటాకు, గడ్డి కప్పులు: కోస్తా జిల్లాలలో ఇవి ఎక్కువగా ఉండేవి. వానలు లేని నెలలలో తాటాకు కొట్టి, ఆకులను ఒకదానిపై ఒకటి పేర్చి, బరువు పెట్టి చదును చేసి ఆరబెడతారు. ఆకు కొట్టేటప్పుడు చెట్టు నడినెత్తిన ఉండే మొవ్వును, దాని చుట్టూ ఉన్న లేత ఆకులను విడిచిపెట్టాలి. మొవ్వు దెబ్బతింటే చెట్టు చనిపోతుంది. కప్పు వేసేటప్పుడు చూరు నుండి మొదలుపెట్టి పైకి వరుసలుగా కడుతూ వెళతారు. ప్రతి పై వరుస కింది వరుసను కొంత కప్పుతుంది కనుక నీరు ఆకు మీదుగా జారి చూరు దాటి పడుతుంది. వాలు తక్కువైతే నీరు నిలిచి ఆకు కుళ్ళుతుంది. తాటాకు కప్పు సాధారణంగా మూడు నాలుగేళ్ళు, వరిగడ్డి కప్పు ఒకటి రెండేళ్ళు ఆగుతుంది. ఏటా పూర్తిగా మార్చలేని వారు కుళ్ళిన చోట్ల మాత్రం పాత ఆకు లాగివేసి కొత్త ఆకు దూర్చుతారు. వేసవిలో ఈ కప్పులకు నిప్పు భయం ఎక్కువ. అందుచేత గడ్డివామిని, పిడకల గూటిని ఇంటికి దూరంగా, గాలివాటుకు అడ్డంగా లేని చోట ఏర్పాటు చేసుకోవడం అవసరం.

పెంకు కప్పులు: నాటు పెంకులు కోతులు తొక్కడం వలన, గాలికి, పిల్లుల రాకపోకల వలన జారుతుంటాయి. వేసవి చివర పెంకునంతా దింపి, పగిలినవి ఏరివేసి, చెత్త దులిపి, కింది వాసాలను, బద్దలను పరీక్షించి తిరిగి పేరుస్తారు. పూర్తిగా దింపకుండా కారే చోట మాత్రమే సర్దించడం కూడా ఉన్నది. అయితే పెంకు కింద చెదలు పట్టిన వాసం పైనుండి కనిపించదు కనుక కొన్నేళ్ళకు ఒకసారి అయినా పెంకు దింపి చూడటం అవసరం.

మట్టి మిద్దెలు: రాయలసీమలో వీటి వాడకం ఎక్కువ. దూలాలపై దంతెలు, వాటిపై బండలు గాని కర్రలు గాని పరచి, పైన మట్టి వేసి మిద్దె కడతారు. వానలకు ముందు మిద్దెపై మొలిచిన గడ్డిని పీకి, చీలికలు పూడ్చి, చౌడుమట్టి పలుచగా పరుస్తారు. చౌడులో సోడియం లవణాలు ఎక్కువ. తడిసినప్పుడు దానిలోని బంకమట్టి రేణువులు విడిపోయి సన్నని సందులను మూసివేస్తాయి. పంటకు పనికిరాని చౌడు ఇంటికి రక్షణ కావడం ఈ కారణం చేతనే. నీరు పోయే దోనెలకు అడ్డుపడిన మట్టిని తీసివేయకపోతే మిద్దె మీద నీరు నిలిచి, తడిసిన మట్టి బరువుకు దూలం విరిగే ప్రమాదం ఉన్నది.

గోడలు, దూలాలు, ధాన్యపు నిలువ

మట్టిగోడకు పైనుండి పడే వాన కంటే నేల నుండి చిందే నీరు ఎక్కువ హాని చేస్తుంది. చూరు నీళ్ళు పడిన చోట లేచే చినుకులు గోడ అడుగును కోస్తాయి. దీనిని నివారించడానికి చూరును గోడ దాటి ముందుకు దింపడం, గోడ చుట్టూ తిన్నె కట్టడం, జల్లు కొట్టే వైపున తాటాకు తడికెలు నిలపడం వాడుకలో ఉన్నాయి. చూరు నీరు పోవడానికి ఇంటి చుట్టూ కాలువ తీసి, ఆ నీటిని పెరటిలోని కొబ్బరి, అరటి పాదులకు మళ్ళిస్తారు.

గోడల పగుళ్ళను మట్టి, వరిపొట్టు లేదా తరిగిన గడ్డి కలిపి తొక్కిన అడుసుతో మెత్తుతారు. గడ్డి కలపడం వలన అడుసు ఆరేటప్పుడు బీటలు తక్కువగా ఇస్తుంది. నేలను, తిన్నెలను పేడతో అలుకుతారు. దూలాలను కర్రతో తట్టి చూసినప్పుడు బోలుగా మోగితే లోపల పురుగు తొలిచినట్లు గ్రహించి, వానలకు ముందే ఆధారంగా గుంజ నిలుపుతారు. వెదురులో పిండిపదార్థం ఉండటం వలన పురుగు త్వరగా పడుతుంది. కొట్టిన వెదురును కొన్ని వారాలు చెరువు నీటిలో నానబెట్టి ఆరబెడితే ఆ పదార్థం కొంతవరకు కరిగిపోయి ఎక్కువకాలం మన్నుతుంది.

గాదెలు, గరిసెలు, పాతరలు కూడా ఈ మరమ్మతులో భాగమే. విత్తనపు గింజ తడిస్తే ఆ ఏటి సాగుకే దెబ్బ. అందుచేత సొమ్ము చాలనప్పుడు ముందుగా గింజ ఉన్న గది కప్పును, తరువాత పశువుల కొట్టాన్ని, చివరకు మనుషులు పడుకొనే పంచను బాగుచేసుకున్న కుటుంబాలు ఎన్నో.

తొలకరిలో మొక్కలు నాటడం

మే నెలలో ఉరుములతో పడే జల్లును తొలకరిగా భావించి మొక్కలు నాటడం నష్టానికి దారితీస్తుంది. పైన తడిసిన నేల అడుగున పొడిగానే ఉంటుంది. తరువాత వారం పది రోజులు ఎండ కాస్తే లేత వేర్లు మాడిపోతాయి. పారతో తవ్వి చూసి, తడి జానెడు లోతుకు మించి దిగినదని తెలిసిన తరువాతనే నాటాలి. మబ్బు పట్టిన రోజు గాని, సాయంకాలం గాని నాటితే మొక్క వాడదు.

నర్సరీ మొక్కను నాటేటప్పుడు వేర్ల చుట్టూ ఉన్న మట్టిగడ్డ చెదరకుండా సంచిని చీల్చి తీసివేయాలి. సంచితోనే నాటితే వేర్లు లోపల చుట్టుకుపోతాయి. అంటు మొక్కలలో అంటు కట్టిన భాగం నేలకు పైన ఉండాలి. అది మట్టిలో పూడితే కుళ్ళు పట్టవచ్చు. మొక్క చుట్టూ మట్టిని కాలితో అదిమి, గాలికి ఊగకుండా కర్ర పాతి వదులుగా కడతారు.

అన్ని చెట్లనూ ఒకే పద్ధతిలో నాటరు. ముఖ్యమైనవి కొన్ని:

* తాడి: శ్రావణ, భాద్రపద మాసాలలో రాలిన పండ్ల టెంకలను గట్టుపై నేరుగా పాతుతారు. మొలక ముందుగా నేలలోనికి లోతుగా దిగుతుంది, ఆకు తరువాత పైకి వస్తుంది. లోతుకు దిగిన ఈ మొలకనే తేగ అంటారు. ఈ కారణం వలన తాడిని పీకి మరొకచోట నాటడం సాధ్యం కాదు. కాపుకు రావడానికి 12 నుండి 20 ఏళ్ళు పడుతుంది.
* వేప: పండ్లు జూన్, జూలై నెలలలో పండుతాయి. విత్తనం కొద్ది వారాలలోనే మొలకెత్తే శక్తిని కోల్పోతుంది కనుక ఏరిన వెంటనే గుజ్జు కడిగి విత్తాలి.
* టేకు: నర్సరీలో పెరిగిన మొక్క వేరును జానెడు ఉంచి, కాండాన్ని రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే విడిచి కోసిన మోడులను, గడ్డపారతో చేసిన రంధ్రాలలో తొలి వానలకు నాటుతారు.
* గిరిపుష్పం, మునగ: ముదురు కొమ్మలను నరికి పాతితే బతుకుతాయి. గిరిపుష్పం ఆకు పచ్చిరొట్ట ఎరువుగా పొలానికి పనికివస్తుంది.
* కొబ్బరి: 9 నుండి 12 నెలల వయసు గల, మొదలు లావుగా ఉన్న మొక్కలను ఎంచుకుంటారు.
* నల్లతుమ్మ: నాగలికి, బండికి, పనిముట్ల పిడులకు కర్ర ఇస్తుంది. పశువులు, మేకలు కాయలు తింటాయి.

ఏ చెట్టు ఎక్కడ

తాడిని పొలం గట్ల మీద పెంచడానికి కారణం దాని నీడ తక్కువ కావడమే. మాను నిటారుగా పెరిగి, ఆకు నెత్తిన మాత్రమే ఉండటం వలన కింది పైరుకు ఎండ అందుతుంది. వేప, చింత, నల్లతుమ్మ వంటి చెట్ల కింద పైరు నీడపాటుకు గురవుతుంది కనుక వాటిని బంజరు మూలలలో, కళ్ళం దగ్గర, బావి గట్టున నాటుతారు. పొరుగు కమతంతో కలిసే గట్టుపై చెట్టు నాటితే నీడ గురించి, ఆకు గురించి తగాదాలు రావడం సాధారణం. ఇరుపక్షాల ఒప్పందంతో నాటడం మంచిది.

ఇంటికి పడమట వేప వంటి దట్టమైన చెట్టు ఉంటే మధ్యాహ్నం తరువాతి ఎండ గోడలకు తగలదు. అయితే కొమ్మలు కప్పుపై వాలకూడదు. రాలిన ఆకు పెంకుల సందులలో చేరి నీటిని నిలుపుతుంది. కొబ్బరిని కాయ, మట్ట కప్పుపై పడనంత ఎడంగా నాటాలి. రావి, మర్రి ఇంటి సమీపంలో పనికిరావు. పక్షుల వలన గోడ పగుళ్ళలో మొలిచే రావి మొక్కను చిన్నగా ఉన్నప్పుడే వేరుతో సహా తీసివేయకపోతే, రెండు మూడు వానాకాలాలలో గోడను చీలుస్తుంది.

నాటిన తరువాత

నాటిన మొక్కకు మొదటి శత్రువు మేక, రెండవది బెట్ట. వెదురు దడి గాని, తుమ్మకంప గాని చుట్టూ కట్టడం నాటిన రోజే చేయవలసిన పని. జూలై, ఆగస్టు నెలలలో వానల మధ్య వచ్చే ఎడంలో మొక్కకు నీరు పోయాలి. నీటి ఎద్దడి ఉన్న చోట మొక్క పక్కన మట్టికుండను మెడ వరకు పాతి, అడుగున చిన్న రంధ్రం చేసి గుడ్డపీలిక దూర్చి నీటితో నింపుతారు. నీరు కొద్దికొద్దిగా వేర్లకు చేరుతుంది. పాదులో ఎండుగడ్డి, ఆకులు పరిస్తే తడి ఆరదు. కాని చెదలు ఉన్న నేలలో వాటిని మొదలుకు తగలకుండా పరవాలి.

మొక్క నిలిచినదీ లేనిదీ తేలేది మొదటి వేసవిలోనే. ఫాల్గుణం నుండి జ్యేష్ఠం వరకు నీరు పోయలేనన్ని మొక్కలు నాటడం కంటే, పోయగలిగినన్నే నాటడం మేలు. చనిపోయిన వాటి స్థానంలో మరుసటి తొలకరికి తిరిగి నాటుతారు.

వానాకాలంలో ఇంటిలో కారిన చోట్లను బొగ్గుతోనో సున్నంతోనో గుర్తు పెట్టుకోవడం మరుసటి వేసవి మరమ్మతుకు ఉపయోగపడుతుంది. ఎండలో కప్పుపైకి ఎక్కి చూస్తే ఆ చోట్లు తెలియవు. పంట కోతలు ముగిసి ధాన్యం ఇల్లు చేరిన తరువాత, సంక్రాంతికి ముందు గోడలకు సున్నం కొట్టి, అరుగులకు ఎర్రమన్ను పూస్తారు.

తుఫాను ప్రాంతాలలో

కోస్తా తీరంలో ఇంటికి, చెట్టుకు గల సంబంధం ప్రాణరక్షణకు కూడా చెందినది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలలోని చుట్టిళ్ళు గుండ్రని గోడలు, నేలకు దగ్గరగా దిగిన చూరు కలిగి ఉండటం వలన గాలి ఒత్తిడిని కొంతవరకు తట్టుకుంటాయి. 1977 నవంబరు 19న దివిసీమను తాకిన తుఫానులో, దానితో వచ్చిన ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించారు. ఆ తరువాత తీరప్రాంతంలో తుఫాను ఆశ్రయ భవనాల నిర్మాణం, సరుగుడు తోటల పెంపకం చేపట్టబడినవి. తీరం వెంబడి వరుసలుగా పెంచిన సరుగుడు, తాడి గాలి వేగాన్ని, ఇసుక కొట్టుకు రావడాన్ని తగ్గిస్తాయి. అక్టోబరు, నవంబరు తుఫానులకు ముందుగా ఇంటిపైకి వంగిన కొమ్మలను నరకడం, కప్పును వాసాలకు తాళ్ళతో బిగించడం ఈ ప్రాంతంలో మరమ్మతులో భాగం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు పెద్ద సంఖ్యలో చెట్లు కూలిపోయాయి.

వచ్చిన మార్పులు

1985లో ప్రారంభమైన ఇందిరా ఆవాస్ యోజన, ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన ఇందిరమ్మ పథకం వంటి గృహనిర్మాణ పథకాల వలన పల్లెలలో పక్కా ఇళ్ళు పెరిగినవి. నిప్పు, వాన, ఏటేటా కప్పు ఖర్చు అనే మూడు భయాల నుండి పేద కుటుంబాలకు వీటి వలన విముక్తి కలిగింది. కాని స్లాబు ఇంటికీ మరమ్మతు అవసరమే. వానలకు ముందు స్లాబుపై చెత్త ఊడ్చి, నీరు పోయే గొట్టాలను శుభ్రపరచి, పగుళ్ళను సిమెంటుతో మూయాలి. లేనిచో తేమ లోపలి ఇనుప చువ్వలకు చేరి, అవి తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటు పెచ్చులు ఊడిపడతాయి.

తాటాకు, దూలం అవసరం తగ్గడంతో గట్ల మీది తాడిచెట్లకు విలువ తగ్గింది. ఇటుక బట్టీలకు వంటచెరకుగా అనేక చోట్ల వాటిని కొట్టివేశారు. నరికిన తాడి స్థానంలో నాటినది అక్కరకు రావడానికి ఒక తరం పడుతుంది. కప్పు మరమ్మతు తెలిసిన పనివారు కూడా తగ్గిపోయారు. మిగిలిన పాత ఇళ్ళకు రేకులు వేయించడం పెరిగింది. రేకులు వానను ఆపుతాయి గాని తాటాకు, పెంకుల వలె వేడిని ఆపలేవు. అందుచేత రేకుల ఇంటికి పక్కన చెట్టు నీడ పూర్వం కంటే ఎక్కువ అవసరమైనది.

చెట్ల పెంపకాన్ని ప్రోత్సహించడానికి 1950 జూలైలో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం.మున్షీ వనమహోత్సవాన్ని ప్రారంభించాడు. 2002లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం చెట్ల నరికివేతపై నియంత్రణ విధించింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం కింద చిన్న, సన్నకారు రైతుల భూములలో పండ్లతోటల గుంతల తవ్వకం, మొక్కల నాటు చేపట్టబడినవి. తెలంగాణ ప్రభుత్వం 2015 జూలై 3న హరితహారం కార్యక్రమాన్ని చిలుకూరులో ప్రారంభించింది. ఇటువంటి కార్యక్రమాలలో నాటిన మొక్కల సంఖ్య కంటే, మొదటి వేసవి దాటి నిలిచిన మొక్కల సంఖ్య ముఖ్యం. నీరు పోసే మనిషి, కంప కట్టే మనిషి అందుబాటులో ఉన్న చోట, అంటే ఇంటి పెరటిలోను, కమతం గట్టుపైన నాటిన మొక్కకు ఆ అవకాశం ఎక్కువ.

ఇవి కూడా చూడండి

* కార్తెలు
* తాడి
* వేప
* మిద్దె
* వనమహోత్సవం
* దివిసీమ ఉప్పెన